తెరమీది మూస, పొరుగింటి మనిషి

మనిషిని చూడకముందే మనిషిమీద తీర్పు చెప్పే సాధనం ఒకటి మన ఇళ్లలో కూర్చున్నది. మొదట అది ఊరి టూరింగు టాకీసుగా వచ్చింది. తరువాత నడవలో టీవీ అయింది. ఇప్పుడు జేబులో ఫోనయింది. మన పిల్లలు దానిలో అమెరికావాణ్ణి చూస్తున్నారు, పంజాబీని చూస్తున్నారు, మలయాళీని చూస్తున్నారు. అందులో తప్పు లేదు. కాని అదే తెరమీద వారు తెలుగువాణ్ణి కూడ చూస్తున్నారు. ఆ తెలుగువాడికి తమ తాత పోలిక లేదు, తండ్రి పోలిక లేదు, వాడి మాట తమ ఇంటి మాటలాగ లేదు. అయినా లోకమంతా అతణ్ణే అసలైన తెలుగువాడిగా ఎంచుతుంటే, పిల్లలు కూడ మెల్లమెల్లగా అట్లాగే నమ్ముతున్నారు. ఈ నెల ఈ సంగతిని గురించి మీతో మాట్లాడదలచాను.

నేనీ మాటలు రాస్తున్నది నల్లంపల్లి నుంచి. ధర్మపురి నుంచి సేలం వెళ్లే దారిలో, అదియమాన్‌కోట్టై దాటిన తరువాత, తొప్పూరు కనుమకు ఇవతల ఉన్న ఊరిది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో రెండూ కలగలిసి బతుకు సాగే చోటు. ఇక్కడ తమిళుడు ఎట్లాంటివాడో తెలుగువాడికి ఒకరు చెప్పనక్కరలేదు. తెలుగువాడు ఎట్లాంటివాడో తమిళుడికీ చెప్పనక్కరలేదు. రేషను దుకాణం ముందు ఒకే వరుసలో నిలబడతారు, ఒకే వానకోసం ఆకాశం చూస్తారు, పెళ్లికీ చావుకూ ఒకరి గడప ఒకరు తొక్కుతారు. అవ్వైయారుకు ఉసిరికాయ ఇచ్చిన అదియమాన్ కథను మన పిల్లలు తమ ఊరి కథగానే చెప్పుకొంటారు. ఇంత దగ్గరగా బతికేచోట కూడ పరాయి ముద్రలు పడుతున్నాయంటే, అవి ఊళ్లో తయారైనవి కావని తెలుస్తూనే ఉన్నది.

ఇట్లాంటి ముద్రను మన నుడిలో మూస అంటున్నాం. అందరూ ఒకే మూసలో పోసినట్లున్నారని అనుకోవడమే ఈ జబ్బు లక్షణం. ముద్రణాలయంలో అచ్చుపలకకు వాడే ఇంగ్లీషు మాటను, మనసులో పడే ఇట్లాంటి ముద్రకు వాడి ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికా పత్రికా రచయిత వాల్టర్ లిప్‌మన్. 1922లో వచ్చిన 'పబ్లిక్ ఒపీనియన్' అనే పుస్తకంలో ఆయన ఈ వాదం చేశాడు. లోకం చాలా పెద్దది. దానిని మొత్తం కళ్లారా చూడటం ఎవరికీ సాధ్యం కాదు. అందువల్ల మనసు తన సౌకర్యంకోసం కొన్ని అచ్చులు సిద్ధం చేసుకొని, ఎదురైన ప్రతి మనిషినీ వాటిలో ఇరికిస్తుంది. ఆయన రాసేనాటికి సినిమా ఇంకా మూగది. అది మాట నేర్చిన తరువాత ఆ అచ్చులకు యాస కూడ తోడయింది.

సినిమా ఈ పని ఎందుకు చేస్తుందో తెలుసుకోవడం అవసరం. కథానాయకుణ్ణి పరిచయం చేయడానికి దర్శకుడి చేతిలో రెండున్నర గంటలుంటాయి. అతడికి తల్లి ఉంటుంది, ఊరు ఉంటుంది, బాధ ఉంటుంది. పక్కపాత్రకు దొరికేది అర నిమిషం. ఆ అర నిమిషంలో వాడెవడో చూసేవాడికి తెలియాలి. అప్పుడు యాస, వేషం, తిండి అనే మూడు గుర్తులు అక్కరకు వస్తాయి. వంకర తెలుగు పలికించి నామం పెట్టిస్తే తమిళుడు. తలపాగా చుట్టి బల్లలు చరిపిస్తే పంజాబీ. మెడలో లావు గొలుసు వేసి కత్తి పట్టిస్తే సీమవాడు. దర్శకుడికి ద్వేషం ఉండనక్కరలేదు, తొందర ఉంటే చాలు. ఒక్కసారి చూస్తే అది ఒక పాత్ర మాత్రమే. వందసార్లు చూస్తే అదే జాతి అవుతుంది. ఎక్కువసేపు టీవీ చూసేవారికి లోకం ఉన్నదానికంటె క్రూరంగా తోస్తుందని అమెరికా పరిశోధకుడు జార్జ్ గెర్బనర్ చాలాకాలం కిందటే చెప్పాడు. తెరమీద హత్యలు ఎక్కువ కనబడితే వీధిలోనూ ఎక్కువే జరుగుతున్నాయని మనసు లెక్కవేస్తుంది. మనుషుల గుణాల విషయంలోనూ ఇదే లెక్క.

తమిళ తెరమీద తెలుగువాడు కనబడినప్పుడు అతడి రూపం ఎట్లా ఉంటున్నదో మీకు తెలియనిది కాదు. కళ్లు చెదిరే రంగు చొక్కా, పెద్ద మీసం, పెద్ద గొంతు, చేతినిండా డబ్బు, వెనుక సుమోల వరుస. లేకపోతే తమిళం సరిగా పలకలేక నవ్వులపాలయ్యే వ్యాపారి. వీటికి తోడు 'గొల్టి' అనే మాట ఒకటి. తెలుగు అనే పేరును తలకిందులు చేయగా పుట్టిందని అంటారు. మన పేరునే తిప్పి మనమీద విసరడమన్నమాట. ఆ మాట తెరనుంచి దిగి బడికి వస్తున్నది, హాస్టలుకు వస్తున్నది, ఫోనులోకి వస్తున్నది.

అయితే ఈ మూసను పోసింది చెన్నపట్నంవాళ్లే అనుకొంటే అది సగం నిజమే. తమిళ ప్రేక్షకుడు తెలుగువాణ్ణి ఎక్కువగా చూసింది ఎక్కడ? మన సినిమాలను తమిళంలోకి మార్చి వేసినప్పుడు! 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చిన తరువాత ఏళ్లతరబడి హైదరాబాదు నిర్మాతలు రాయలసీమను కత్తులు, బాంబులు, గాలిలోకి లేచే సుమోలు ఉన్న నేలగానే చూపారు. 2002లో 'ఇంద్ర', 'ఆది', 'చెన్నకేశవరెడ్డి' ఒకే ఏడాది వచ్చాయి. కరవుకు తట్టుకొని వేరుసెనగ పండించే రైతు, బెంగుళూరుకు కూలికి పోయే కుటుంబం, నీళ్లకోసం దశాబ్దాలుగా సాగిన పోరాటం తెరమీదికి రాలేదు. సీమలో ముఠాకక్షలు లేవని ఎవరూ అనరు. కాని అవి తప్ప మరొకటి లేనట్లు చూపడం ఆ నేలకు చేసిన అన్యాయం. కుప్పం అవతల ఉన్నది మన చుట్టాల ఊళ్లే. అక్కడివారి మీద హైదరాబాదు వేసిన ముద్రే అనువాదమై ఎల్ల దాటి వచ్చి ఇక్కడ మన వీపున పడింది.

తెలంగాణవారికి జరిగింది ఇంతకంటె తక్కువేమీ కాదు. దశాబ్దాలపాటు తెలుగు సినిమాలో కథానాయకుడు ఒక యాస మాట్లాడాడు. రౌడీ, పనివాడు, హాస్యగాడు తెలంగాణ యాస మాట్లాడారు. ఏ యాసకు గౌరవమో, ఏ యాసకు నవ్వో టికెట్టు కొన్న ప్రతి పిల్లవాడూ నేర్చుకొన్నాడు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో ఈ అవమానం ఒక ప్రధానమైన మాటగా వినబడిందంటే ఆశ్చర్యమేమున్నది?

మూస ఎంత తేలికగా చేతులు మారుతుందో చూడాలంటే ఒక్క కథ చాలు. 2006లో 'విక్రమార్కుడు' వచ్చింది. అందులో పోలీసు అధికారి తలపడే దోపిడీదొంగల నేల చంబల్ లోయ. అంటే తెలుగు ప్రేక్షకుడికి దూరమైన ఉత్తరదేశం. 2011లో అదే కథ తమిళంలో 'సిరుత్తై' అయినప్పుడు ఆ దొంగల నేల ఆంధ్రకు మారింది. 2012లో హిందీలో 'రౌడీ రాథోడ్' అయినప్పుడు బీహారుకు మారింది. కథ ఒకటే, క్రూరత్వం ఒకటే, దొంగ పేరు కూడ దాదాపు ఒకటే. మారింది చిరునామా మాత్రమే. ప్రతి భాషవాడూ చెడ్డవాణ్ణి తన ఎల్లకు అవతల కాపురం పెట్టించాడు. చంబల్‌లోనో, ఆంధ్రలోనో, బీహారులోనో నిజంగా ఏమి జరుగుతున్నదన్నది ఎవరికీ పట్టలేదు.

ఇక మన తెలుగు తెర తమిళుణ్ణి ఎట్లా చూపింది? 'అరవ' అనే మాటను అరుపుతో ముడిపెట్టి చేసే పరిహాసం సినిమాకంటె పాతది. సినిమా దానికి సాంబారును, గడబిడగా మాట్లాడే గొంతును, పిసినారితనాన్ని చేర్చింది. చదువులోను, నాట్యంలోను, సంగీతంలోను, నుడిమీది ప్రేమలోను అంత లోతు ఉన్న జాతిని అర నిమిషపు నవ్వుకు కుదించింది. ఆ నవ్వు మన ఎల్ల జిల్లాల కుటుంబాలకు రెండువిధాల చేటు. మొదటిది, అది మన పొరుగువాడికి జరిగే అవమానం. రెండవది, అదే యాస పేరుతో మనల్ని కూడ నవ్వులాటకు గురిచేస్తారు. 'వచ్చిండాడు, పోయిండాడు' అని మన పిల్లవాడు హైదరాబాదులోనో విజయవాడలోనో అంటే, 'నీది అరవ తెలుగు' అనే మాట పడవలసి వస్తున్నది. అక్కడ అరవవాడు, ఇక్కడ గొల్టి. రెండు తెరలకూ లోకువైనవారు మనమే.

హిందీవారి కళ్లకు మనమంతా ఒక్కటే, మదరాసీలం. 1968 నాటి 'పడోసన్'లో మెహమూద్ వేసిన సంగీతం మాస్టరు వేషం నుంచి 2013 నాటి 'చెన్నై ఎక్స్‌ప్రెస్' వరకు దక్షిణాదివాడి యాస వారికి నవ్వుల సరుకు. ఇంకొంచెం దూరం పోతే భారతీయులంతా ఒక్కటే. 'సింప్సన్స్' అనే అమెరికా టీవీ బొమ్మల కథలో 1990 నుంచి అపూ అనే భారతీయ దుకాణదారు కనబడ్డాడు. ఆ పాత్రకు గొంతు ఇచ్చింది హాంక్ అజారియా అనే తెల్లజాతి నటుడు, అతిచేసిన యాసతో. ఆ దేశంలో పుట్టిపెరిగిన మన పిల్లలను బడిలో ఆ యాసతోనే ఏడిపించారు. ఈ సంగతిని బహిరంగంగా నిలదీసినవాడు న్యూయార్కులో తెలుగు కుటుంబంలో పుట్టిన హాస్యకారుడు హరి కొండబోలు. 2017లో ఆయన 'ది ప్రాబ్లెమ్ విత్ అపూ' అనే డాక్యుమెంటరీ తీశాడు. 'హాస్యాన్ని హాస్యంగా తీసుకోలేవా' అని ఎందరో ఆయనమీద విరుచుకుపడ్డారు. ఆ కార్యక్రమంవారు మొదట పెడచెవిన పెట్టారు. కాని 2020లో అజారియా ఆ పాత్రకు ఇకమీద గొంతు ఇవ్వనన్నాడు. 2021లో భారతీయులకు క్షమాపణ చెప్పాడు. మూసను కరిగించడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. కాని కరిగింది. కరిగించినది ప్రభుత్వమూ కాదు, నిషేధమూ కాదు. ఆ మూసలో ఇరికించబడిన మనిషి ఒకడు లేచి, ఆధారాలు చూపి, తన మాట తాను చెప్పడంవల్లనే ఆ పని జరిగింది. జాక్ షాహీన్ అనే ఆచార్యుడు 900కు పైగా హాలీవుడ్ చిత్రాలు పరిశీలించి, వాటిలో అరబ్బులను ఎంత నీచంగా చూపారో 2001లో పుస్తకంగా రాసినది కూడ ఈ దారిలోని పనే.

'సినిమా అంటేనే ఇంత, వేరే గతి లేదు' అనేవారికి మన చరిత్రే సమాధానం. 1931లో విడుదలైన తొలి తమిళ టాకీ 'కాళిదాస్' దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి తెలుగువాడు. ఆ చిత్రంలో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళం మాట్లాడితే నాయకుడు తెలుగు మాట్లాడాడు. ఒకే తెరమీద రెండు నుడులు పక్కపక్కన నిలిచాయి. 1957లో విజయావారు మద్రాసులో 'మాయాబజార్'ను తెలుగులోను తమిళంలోను తీశారు. సావిత్రిని రెండు జాతులవారూ తమ ఇంటి ఆడపడుచుగానే చూసుకొన్నారు. 1978లో కె. బాలచందర్ 'మరోచరిత్ర' తీశాడు. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి ప్రేమించుకొన్న కథ. భాష తెలియకపోవడం అందులో వెక్కిరింతకు కాక ప్రేమకు పనికివచ్చింది. అది తెలుగులోనే ఉండి మద్రాసులో ఏడాదికి పైగా ఆడింది. మూస లేకుండా సినిమా తీయవచ్చునని, తీస్తే జనం చూస్తారని ఇంతకంటె రుజువు ఏం కావాలి?

హాస్యానికి ఇంత రోషమెందుకని అడిగేవారూ ఉన్నారు. నిజమే, ఇరుగుపొరుగువారు ఒకరిమీద ఒకరు పరిహాసమాడుకోవడం మా ఊళ్లోనూ ఉన్నది. అది సరసం. ఎందుకంటే పరిహాసం ముగిసిన వెంటనే ఆ ఇద్దరూ ఒకే అరుగుమీద కాఫీ తాగుతారు. ఒకరి మంచిచెడ్డలు మరొకరికి తెలుసు. ఆ తెలిసినదాని పక్కన పరిహాసం చిన్నదైపోతుంది. తెరమీది పరిహాసానికి ఆ ఆసరా లేదు. తిరునల్వేలిలో తెలుగువాణ్ణి ఎన్నడూ కలవనివాడికి, కరీంనగర్‌లో తమిళుణ్ణి ఎన్నడూ కలవనివాడికి ఆ అర నిమిషమే సమస్త జ్ఞానం. 2024 నవంబరులో ఒక సినీనటి చెన్నై సభలో తెలుగువారి పుట్టుపూర్వోత్తరాల మీద అన్న మాటలు ఎంత రచ్చకు దారితీశాయో చూశాం. ఆమె ఆ మాటలు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఏళ్లతరబడి తెరమీద సాగిన ఎగతాళి వేదికమీదికి ఎక్కడానికి ఎక్కువ దూరం లేదు.

మన విషయంలో దీనికి మరొక పదును ఉన్నది. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 42 లక్షలకు పైగా. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున, పదో తరగతివరకు తమిళాన్ని తప్పనిసరి మొదటి భాష చేసింది. మినహాయింపులకోసం అల్పసంఖ్యాక భాషలవారు కోర్టుల మెట్లు ఎక్కవలసి వచ్చింది. మా ప్రాంతపు పిల్లల్లో చాలామందికి తెలుగు ఇంట్లో వినే నుడే గాని బడిలో చదివే నుడి కాదు. పుస్తకంలో తెలుగు కనబడని పిల్లకు, తన జాతిని గురించి లోకం మాట్లాడేది వినబడేచోటు తెర ఒక్కటే. అక్కడ తన జాతి కత్తి పట్టుకొనో, నవ్వులపాలయ్యో కనబడితే ఆ పిల్ల ఏమి చేస్తుంది? ధర్మపురి బస్సులో గమనించండి. ఇంటినుంచి అవ్వ ఫోను చేసి తెలుగులో అడిగితే, గొంతు తగ్గించి తమిళంలో బదులు చెప్పే పిల్లలు మీకు కనబడతారు. ఆ పిల్లలకు తమిళం రావడం మేలే. నా బాధ ఆ తగ్గిన గొంతు గురించి. చట్టం తెలుగును బడినుంచి తప్పించగలదు గాని ఇంటినుంచి తప్పించలేదు. ఇంటినుంచి తప్పించగలిగింది సిగ్గు ఒక్కటే. ఆ సిగ్గును తెర పంచిపెడుతున్నది.

మరి మనం చేయవలసినదేమిటి? సినిమాలను ఆపించమని, పోస్టర్లు చింపమని నేను చెప్పను. అది చేస్తే 'అరిచే తెలుగువాడు' అనే మూసకు మన చేతులతోనే ముద్ర వేసినవాళ్లమవుతాం.

మొదటిది, పిల్లలతో కలిసి చూడండి. చూసిన తరువాత అడగండి: ఈ మనిషికి అమ్మ ఎవరు? వాడి ఊరేది? వాడు పొద్దున లేచి ఏ పని చేస్తాడు? తెర ఈ ప్రశ్నలకు బదులు చెప్పలేదని తెలిసిన పిల్లవాడు ఆ మూసను నమ్మడు. తెలుగువాడి బొమ్మకే కాదు, తమిళుడి బొమ్మకు, మలయాళీ బొమ్మకు, బీహారీ బొమ్మకు కూడ ఇవే ప్రశ్నలు వేయాలి.

రెండవది, మన ఇళ్లలో పొరుగు జాతిని చులకనగా పిలిచే మాట వినబడకూడదు. గొల్టి అన్న మాటకు నొచ్చుకొనే హక్కు, సాంబారు అన్న మాట వాడనివాడికే ఉంటుంది.

మూడవది, మన కథలు మనం చెప్పాలి. తెలుగు ఇంట పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్, దక్షిణానికి వలస వచ్చిన తెలుగు కుటుంబాల బతుకును 'గోపల్ల గ్రామం'లో నవలగా చెప్పాడు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తమిళ పాఠకులు ఆ తెలుగువారిని తమవారిగా గుండెకు హత్తుకొన్నారు. స.వెం. రమేశ్ ఎల్లల అవతలి తెలుగువారి నుడిలోనే కతలు రాశాడు. తెలంగాణవారు కూడ యాసమీది ఎగతాళికి సినిమాతోనే బదులిచ్చారు. 2017లో 'ఫిదా' నాయిక తెలంగాణ యాసలో తలెత్తుకొని మాట్లాడింది. ఆ గొంతు నీలగిరి జిల్లానుంచి వెళ్లిన సాయిపల్లవిది. 2023లో 'బలగం' ఒక పల్లె చావింటిని ఆ యాసలోనే చూపి లోకాన్ని కంటతడి పెట్టించింది. మన కృష్ణగిరి, ధర్మపురి, వేలూరు నుడిలో అట్లాంటి కథ ఇంకా రావలసి ఉన్నది. పిల్లల చేతుల్లో ఫోనులున్నాయి. అవ్వ చెప్పే కతను, అయ్య పాడే దుక్కిపాటను, సంతలో జరిగే బేరాన్ని పట్టి దాచమనండి.

నాలుగవది, ఏ సినిమాలోనైనా, ఏ ధారావాహికలోనైనా అవమానం కనబడితే, ఏ సన్నివేశమో, ఏ మాటో స్పష్టంగా పేర్కొని రచయితకు, ఛానలుకు మర్యాదగా ఉత్తరం రాయండి. ఉత్తరం తమిళంలో రాయండి. మనకు తమిళం బాగా వచ్చునని, వారి నుడిని గౌరవిస్తామని ఆ ఉత్తరమే చెబుతుంది. కొండబోలు అడిగినది కూడ అమెరికావారి భాషలోనే, వారికి తెలిసిన హాస్యంతోనే.

లోకంలో ఎక్కువమంది పొరుగు జాతిని తెరమీద మాత్రమే చూస్తారు. గోడకు ఇవతలా అవతలా ఇద్దరినీ కళ్లారా చూసినవారు ఎల్లలమీద బతికేవారే. తమిళుడు తెరమీది తమిళుడివంటివాడు కాడని హైదరాబాదుకు చెప్పగలవారు మనం. తెలుగువాడు తెరమీది తెలుగువాడివంటివాడు కాడని చెన్నైకి చెప్పగలవారూ మనమే. ఈ సాక్ష్యం చెప్పడానికి మనకు రెండు నుడులూ కావాలి. తమిళం మన పిల్లలకు బడిలో అందుతున్నది. తెలుగు మనమే ఇవ్వాలి. అవ్వ ఫోను చేసినప్పుడు గొంతు తగ్గించకుండా తెలుగులో బదులు చెప్పే ధైర్యం ఈ ఏడు మన ప్రతి ఇంటి పిల్లకూ కలగాలని కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాను.